అల్పపీడనం పుట్టే చోటికి

కోటబొమ్మాళిలో పుట్టి పెరిగినవాళ్లకి అండమాన్ అనే పేరు మ్యాపులో కనిపించకముందే చెవిన పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వరి పొట్ట మీదో, కంకి మీదో ఉన్నప్పుడు రేడియోలో ఆ మాట వస్తుంది: అండమాన్ సముద్రంలో అల్పపీడనం. అంతే, మా నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పొలం గట్టుకి వెళ్లిపోయేవారు. వెళ్లి చేసేదేమీ ఉండదు, చేనును ఓసారి కళ్లారా చూసి రావడమే. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న అండమాన్ దీవుల్ని దాటి, 12న విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకు పరిచేసింది. మే నెల ఎండల్లో మాత్రం అదే పేరు చల్లగా వినిపిస్తుంది, నైరుతి అండమాన్‌ను తాకిందని. మాకు భయమూ ఆశా రెండూ ఆ దిక్కు నుంచే వస్తాయి.

అందుకే ఈసారి ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్దామని నేను అన్నప్పుడు మా అమ్మ మొదట అడిగిన మాట ఇది: "అల్పపీడనం పుట్టే చోటికేటి బావూ?"

మా ఇంట్లో ఇంతవరకు సెలవు ప్రయాణమంటూ ఒకటి లేదు. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవి. సింహాచలం, అన్నవరం అయితే ఒక రాత్రి. తిరుపతి మొక్కుంటేనే. ఇవి కాక పెళ్లిళ్లు. ఏదో చూడాలని, కొత్తది తినాలని, పనేమీ లేకుండా ఓ ఒడ్డున కూర్చోవాలని డబ్బు ఖర్చుపెట్టి బయల్దేరడం మా ఇంట్లో ఇదే మొదలు. మా ఆవిడకు తిరగడానికి పట్నం కావాలి. పిల్లలకి సముద్రం, అడివి కావాలి. అమ్మకు నోటికి హితవైన తిండి దొరికితే చాలు. గోవా అన్నారు, కేరళ అన్నారు, శ్రీలంక అన్నారు. నేను అండమాన్ దగ్గరే పట్టుబట్టాను. కొన్నేళ్ల కిందట పని మీద ఒక్కణ్నే వెళ్లొచ్చినప్పటి నుంచి నా మనసులో ఒకటే మాట ఉంది. అది మనకు పరాయి చోటు కాదు, మన జిల్లాకు అవతలి ఒడ్డు. శ్రీకాకుళం వాళ్లు అక్కడికి వెళ్తే ఆ సంగతి తెలిసి వెళ్లాలి.

లెక్క చెప్తాను. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 50 వేలు. అంటే నూటికి పదమూడు మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. ఆ తెలుగువాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు. అక్కడి పురపాలక సంఘంలో తెలుగుదేశం పార్టీకి వార్డు సభ్యులున్నారంటే చాలామంది నమ్మరు. 2023 మార్చిలో ఆ పార్టీ తరఫున గెలిచిన ఎస్.సెల్వి ఏకంగా పోర్ట్‌బ్లెయిర్ పురపాలక సంఘ అధ్యక్షురాలయ్యారు.

ఎందుకు వెళ్లారంటే, మన తీరాన్ని చూస్తే తెలుస్తుంది. జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రం ఉందని చెప్పుకుంటాం. అంత పొడవునా పడవ పెట్టుకోడానికి సరైన రేవు లేక తరాలు గడిచిపోయాయి. ఇసుక మీదికి తెప్పను భుజాలతో లాక్కోవడమే. అందుకే మనవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లారు. అంతకు ముందు తరం రంగం వెళ్లింది. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి, బియ్యం మిల్లుల్లో, ఓడరేవుల్లో కూలికి పోయేవారు. 1942లో జపాను బర్మాలోకి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఆ కాళ్లే అండమాన్ వైపు తిరిగాయి. జెట్టీలు కట్టే పనికి, రోడ్డు పనికి, వేటకి. ఒకళ్లు వెళ్లి కుదురుకుంటే వాళ్ల వెనక బావమరిది, వాడి వెనక మేనల్లుడు.

మా అమ్మకు వరసకు చెల్లెలు ఒకామె అలా వెళ్లినావిడే. పెళ్లయిన కొత్తలో బాబాయి మేస్త్రీ వెంట జెట్టీ పనికి పోతే, ఏడాది తర్వాత ఈవిడా వెళ్లింది. నలభై ఏళ్లు దాటింది. ఇల్లు జంగ్లీఘాట్ వైపు. ఫోన్లో మాట్లాడితే ఇప్పటికీ నిన్ననే మా వీధిలోంచి వెళ్లినట్టే ఉంటుంది ఆ యాస. మేం వస్తున్నామని చెప్పగానే, "ఎన్నాళ్లుంతారు? మూడ్రోజులకైతే రావొద్దు" అంది. మా ప్రణాళిక అక్కడి నుంచే మారింది.

మూడు రోజుల ప్యాకేజీలు అమ్ముతున్నారు. విమానం దిగడం, జైలు చూడడం, పడవెక్కడం, బీచిలో ఫొటో, మళ్లీ విమానం. నా మాట విని అలా వెళ్లకండి. మనకున్నంత వీలు చాలా రాష్ట్రాలవాళ్లకి లేదు. మన విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ప్రయాణికుల ఓడ ఉంది. కోటబొమ్మాళిలో ప్యాసింజరెక్కితే విశాఖ, విశాఖ రేవులో ఓడెక్కితే అండమాన్. మధ్యలో ఇంకో ఊరు లేదు. సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు, 56 గంటల ప్రయాణం. నెలకో ఓడ అనుకోవచ్చు. తేదీ ఎంతో ముందుగా చెప్పరు. ప్రకటన వచ్చాక టిక్కెట్లిచ్చేది కొద్ది రోజులే. సెలవు తేదీలు గట్టిగా పట్టుకుని కూర్చునేవాళ్లకి ఇది కుదరదు. ఓ వారం అటూ ఇటూ జరపగలిగినవాళ్లకి ఇంతకంటే మంచి ప్రయాణం నాకు తెలియదు.

బంక్ క్లాసులో పెద్ద హాలు నిండా వరసగా రెండంతస్తుల మంచాలుంటాయి. ఆ పైన ఇద్దరికో నలుగురికో గదులున్న తరగతులు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే గది తీసుకోవడమే మేలు. అయినా పగలంతా బంక్ హాల్లోనే గడపండి. పోయినసారి నా పక్క మంచం మీద సోంపేట అతను, ఎదురుగా పూసపాటిరేగ కుటుంబం. రెండో రోజు మధ్యాహ్నానికి అటుకులు, చేగోడీలు, ఊరగాయ ఒకరివి ఒకరికి మారిపోయాయి. మొదటి రాత్రి అల ఊపుకి కొందరికి కడుపులో తిప్పుతుంది. డాక్టరు రాసిచ్చిన మాత్రలు, నిమ్మకాయ, అల్లం ముక్క దగ్గర ఉంచుకుని, కడుపు ఖాళీగా ఉంచకుండా కొద్దికొద్దిగా తింటే తట్టుకోవచ్చు. క్యాంటీన్లో అన్నానికి వేళలుంటాయి, తప్పితే మళ్లీ పూట దాకా లేదు. ఫోను సిగ్నల్ రేవు దాటిన కాసేపటికే పోతుంది. ఆ రెండున్నర రోజులూ ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపే రోజులు.

మూడో పొద్దున డెక్ మీదికి వెళ్తే నీటి రంగు మారి ఉంటుంది. నీలం మీద పచ్చ. తర్వాత కొండ. మన వైపు కొండలు ఎర్రమట్టితో, రాళ్లతో కనిపిస్తాయి కదా, అక్కడ నీటి అంచు దాకా చెట్లే. ఆ దృశ్యం విమానం కిటికీలోంచి ఇలా ఉండదు. తిరుగు ప్రయాణం చెన్నై మీదుగా విమానంలో వచ్చేయవచ్చు, రెండు గంటల పైచిలుకు. విశాఖ నుంచి నేరుగా విమానం ఒక్కో కాలంలో ఉంటుంది, ఒక్కో కాలంలో ఉండదు. చెన్నై, కోల్‌కతా దారులు ఎప్పుడూ ఉంటాయి. 2023 జూలైలో ప్రారంభించిన కొత్త టెర్మినల్‌ను ఆల్చిప్ప ఆకారంలో కట్టారు.

వెళ్లే కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మన జిల్లాలో పడేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. మేలో మొదలై నెలల తరబడి కురుస్తుంది, సముద్రం మొరటుగా ఉంటే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. గడియారం మనదే కానీ సూర్యుడు మనకంటే చాలా ముందు. డిసెంబరులో ఐదున్నరకే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. పొద్దున్నే లేచి బయల్దేరితేనే రోజు చేతికొస్తుంది. పొలం పనుల కాలంలో లేచినట్టు లేవాలి.

పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు. ఊరు మన శ్రీకాకుళం పట్టణమంత ఉంటుంది. ఎత్తుపల్లాల రోడ్లు, మలుపు తిరిగితే సముద్రం. అబర్డీన్ బజారు గడియార స్తంభం దగ్గర నిలబడి పది నిమిషాలు చెవి ఒగ్గితే హిందీ, బెంగాలీ, తమిళం, మలయాళం, మధ్యలో హఠాత్తుగా, "ఒరే గుంటడా, ఇటు రారా!" నేను వెనక్కి తిరిగి చూసి, నవ్వి, ఏ ఊరమ్మా అని అడిగాను. మనది కవిటి బావూ, అంది ఆ తల్లి. ఆమె అక్కడే పుట్టిందట. కవిటి ఎప్పుడూ చూడలేదట.

జైలుకి ఒక పూట మొత్తం ఇవ్వాలి. సెల్యులర్ జైలును 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. నడుమ ఒక గోపురం, దాని నుంచి సైకిలు చక్రం పుల్లల్లా ఏడు బారాకులు, ఏడొందలకు దగ్గరగా ఒంటరి గదులు. ఒక బారాకు ముఖం ఇంకో బారాకు వీపు వైపు తిప్పి కట్టారు, ఒక ఖైదీ కళ్లు ఇంకో ఖైదీని కలవకూడదని. ఇప్పుడు మిగిలినవి మూడు బారాకులు. 1979 ఫిబ్రవరిలో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది, అందరూ దానికే వెళ్తారు. నేనైతే పొద్దున్నే, జనం రాకముందు, ఒక గదిలోకి వెళ్లి తలుపు వైపు వీపు పెట్టి కాసేపు నిలబడమంటాను. పైన, చెయ్యెత్తినా అందని ఎత్తులో చిన్న కిటికీ. సముద్రం చప్పుడు వినిపిస్తుంది, కనిపించదు. అక్కడ నేను మన మన్యాన్ని తలుచుకున్నాను. అల్లూరి సీతారామరాజుతో నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కొండల్లో విల్లు పట్టినవాడు, కాలాపానీ చూసినవాడు, పార్లమెంటులో కూర్చున్నాడు. మా పిల్లలకి ఆ గదిలోనే ఈ కథ చెప్పాలని అనుకుంటున్నాను.

ఇంకొక తేదీ కూడా చెప్తాను వాళ్లకి. జపాను సైన్యం అండమాన్‌లో దిగింది 1942 మార్చి 23న. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. ఒకే యుద్ధం ఈ రెండు ఒడ్లనీ తాకింది. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. రేవు ఎదురుగా ఉన్న రాస్ దీవికి ఇప్పుడు ఆయన పేరు. పావుగంట పడవ ప్రయాణం. తెల్లదొరల బంగళాలు, చర్చి, బేకరీ గోడల్ని మర్రి ఊడలు, రావి వేళ్లు పట్టుకుని నిలబెట్టాయి. వాటి మధ్య జింకలు మనుషులకు బెదరకుండా తిరుగుతాయి.

చాథం కోత మిల్లు మా ఆవిడకు నచ్చుతుందని నా నమ్మకం. ఆమె పుట్టింటివాళ్లది కలప అడితి. 1883లో పెట్టిన మిల్లది, ఆసియాలోనే పాతవాటిలో ఒకటి. అక్కడి పడౌక్ కలప ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అది మన శేషాచలం ఎర్రచందనానికి, మన అడవుల్లోని వేగిసకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి చెట్లు.

ఇక తిండి. అమ్మ బెంగ ఇదే కాబట్టి ఎక్కువ చెప్తాను.

అండమాన్ వంట అని విడిగా చెప్పుకోడానికి ఒక్కటి లేదు. ఎవరు ఏ ఒడ్డు నుంచి వచ్చారో ఆ వంట తెచ్చుకున్నారు. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల ఆవ పెట్టిన చేప, తమిళుల ఇడ్లీ సాంబారు, కేరళ నుంచి వచ్చిన మోప్లాల బిర్యానీ, ఛోటానాగ్‌పూర్ నుంచి అడివి పనికి తెచ్చిన వాళ్లని అక్కడ రాంచీలంటారు, వాళ్ల ఆకుకూరలు. ఉత్తరాన మాయాబందర్ వైపు 1925లో బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కరెన్ల ఊళ్లున్నాయి. మనవాళ్లు చింతపండు తెచ్చుకున్నారు.

మనదంటే పులుసు. జంగ్లీఘాట్ రేవు దగ్గర పొద్దున్నే వేట దిగే వేళకి వెళ్తే చేప పేర్లు తెలుగులో వినిపిస్తాయి: కోనెం, చందువ, కానగుర్త. ఈ కానగుర్తలకు ఒక కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖలో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఉండేవాడు. మన రేవులో జాలర్లు పట్టిన చేపల్ని బొమ్మలు గీయించి, వాళ్లు చెప్పిన తెలుగు పేర్లే రాసుకుని, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలంటూ 1803లో పుస్తకం వేశాడు. దాన్ని చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1816లో ఆ చేపకు శాస్త్రీయ నామం పెడుతూ కానగుర్త అనే మాటనే నిలిపాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనైనా ఆ చేప పేరు మన జాలరి నోటి మాటే. పిన్ని ఇంట్లో మట్టి దాకలో ఆ కానగుర్తల పులుసు తిన్నాను. పొద్దున వండి, రాత్రికి తిన్నాం, పులుసు ముక్కకు పట్టాక. పక్కన పెరట్లోని గోంగూర. గడ్డ పెరుగు మాత్రం మన దగ్గరంత బాగా లేదు.

హోటళ్లలో అయితే మధ్యాహ్నం చేపల భోజనం ఎక్కడ తిన్నా మోసం ఉండదు. రాత్రిళ్లు త్వరగా కట్టేస్తారు. కూరగాయలు, ఉల్లిపాయలు చాలా వరకు ఓడలో రావలసిందే, ఓడ ఆలస్యమైతే ధర మారిపోతుంది. మాంసం, చేప ముట్టనివాళ్లకి తమిళ టిఫిను హోటళ్లున్నాయి, ఇబ్బంది లేదు. రోడ్డు పక్కన కొబ్బరిబోండాం కొట్టించుకుంటే కండ కూడా చెక్కి ఇస్తారు. తిత్లీ తర్వాత ఉద్దానం మోడుల్ని చూసిన కళ్లకి అక్కడి కొబ్బరి తోటలు చూస్తే ఏదో అయింది. మాటల్లో పెట్టలేను.

పట్నంలో మూడు రోజులయ్యాక దీవులకి. హేవ్‌లాక్‌ని 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, నీల్‌ని షహీద్ ద్వీప్. సర్కారు ఫెర్రీ ఉంది, దాని కంటే వేగంగా వెళ్లే ప్రైవేటు పడవలూ ఉన్నాయి. సర్కారు ఫెర్రీ చవక, కాస్త నెమ్మది, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకుంటూ వెళ్లొచ్చు. పిల్లలున్నవాళ్లకి నేను అదే చెప్తాను. హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలో అత్యుత్తమ తీరమంది. ఆ మాట పట్టుకుని సాయంత్రం అందరూ అక్కడికే వస్తారు. పొద్దున ఏడింటికి వెళ్లండి. తెల్లటి మెత్తని ఇసుక, వెనక ఆకాశాన్నంటే మహావృక్షాలు, మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టే అంత. ఆ దీవిలో విజయనగర్ అని ఒక ఊరుంది, మన పక్క జిల్లా పేరు గుర్తొచ్చి ఆగాను. నీల్ ఇంకా చిన్నది, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని రామాయణం మొత్తం ఊళ్ల పేర్లలో ఉంది. కూరగాయలు పండించేది అక్కడే. ఆటు వేళ నీరు వెనక్కి తగ్గితే రాతి గుంటల్లో సముద్రపు దోసకాయలు, నక్షత్రపు చేపలు బతికున్నవి కనిపిస్తాయి. పిల్లలకి అంతకన్నా మంచి పాఠశాల లేదు.

పగడాల గురించి ఒక మాట. అవి రాళ్లు కావు, ప్రాణులు. 2010లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబారిపోయాయి. కొన్ని చోట్ల తేరుకున్నాయి, కొన్ని చోట్ల లేదు. కాలు వేసి నిలబడితే దశాబ్దాల పెరుగుదల ఒక్క అడుగులో విరిగిపోతుంది. ఈత రానివాళ్లకి అద్దం అడుగున్న పడవలున్నాయి, అమ్మకి అదే. వండూర్ నుంచి జాలీబాయ్ దీవికి వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, నీళ్ల సీసా కూడా లెక్క పెట్టి పంపిస్తారు. ఆ పట్టుదల నాకెంతో నచ్చింది. మన భావనపాడు తీరంలో కూడా ఒక్క రోజైనా అలా చూడాలని ఉంది. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచీలో వేసుకోవద్దని పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి బయల్దేరండి, అది నేరం. ఉప్పునీటి మొసళ్లున్న వాగులు ఉన్నాయి, బోర్డు పెట్టిన చోట నీళ్లలోకి దిగొద్దు, లైఫ్‌గార్డు మాట వినాలి.

చలి చివర్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఉత్తర అండమాన్‌లోని కాలిపూర్ ఇసుకలోకీ వస్తాయి. అక్కడికి వెళ్లాలంటే ఇంకో మూడు రోజులు కావాలి. ఈసారికి అది లేదు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు కూడా మా ప్రణాళికలో లేవు. ఇది మా ఆవిడకు, నాకు కొంత వాదన అయిన విషయం. ప్రతి ప్యాకేజీలోనూ అవి ఉంటాయి. కానీ మామూలుగా అక్కడికి తీసుకెళ్లే రోడ్డు జారవాల అడవిలోంచి వెళ్తుంది. కొన్ని వందల మందే ఉన్న జనం వాళ్లు. వాళ్ల అడివిలోంచి వేసిన ఆ దారి మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బండ్లు ఇప్పటికీ పోలీసు కాపలాతో వరసకట్టి వెళ్తున్నాయి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు అని నియమాలున్నాయి. అయినా ఆ వరసలో కూర్చున్న సగం మంది గుహల కోసం కాదు, అద్దంలోంచి వాళ్లు కనిపిస్తారేమోనని వెళ్తారు. నేను పోయినసారి ఆ బండిలో కూర్చున్నాను. ఒక తల్లి, చంకలో బిడ్డ, రోడ్డు పక్క నిలబడి మా బండి పోయేదాకా ఆగింది. బండిలో అందరూ ఒక్కసారి ఆ కిటికీ వైపు ఒరిగారు. ఆ ఒరగడంలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆ తల్లి కళ్లు గుర్తున్నాయి.

మనం గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లావాళ్లం. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ ఆయన సవరల దగ్గరికి వెళ్లారు. వెళ్లి ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు, తర్వాత వాళ్ల పిల్లల కోసం వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు, నిఘంటువు చేశారు. కొండవాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలో మనకు వందేళ్ల కిందటే ఒక మనిషి చూపించారు. జారవాలకు మనతో పని లేదు. కాబట్టి మనం వాళ్ల దారిన వెళ్లకుండా ఉండడమే మర్యాద. గుహల బదులు ఆ రోజు చిడియా టాపూలో అడివి అంచున పిట్టల్ని చూస్తాం, సాయంత్రం అక్కడే సూర్యాస్తమయం. పట్నంలోని మానవశాస్త్ర మ్యూజియంలో ఈ దీవుల మూలవాసుల సంగతి కావలసినంత తెలుస్తుంది.

చిల్లర సంగతులు కొన్ని. పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్‌లకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ప్రతి పడవ దగ్గరా అడుగుతారు. నికోబార్ వైపు గిరిజన ప్రాంతాలు మాత్రం అనుమతి లేకుండా కుదరవు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాక నెట్ బాగుపడింది, ఫోనుతో చెల్లింపులు జరుగుతున్నాయి. అయినా చిన్న దీవుల్లో చేతిలో నగదు ఉండాలి. తిరుగు విమానానికి ముందు రోజు తప్పకుండా పట్నానికి వచ్చేయండి, గాలి లేస్తే పడవ ఆగుతుంది, విమానం ఆగదు. మొత్తం మాకు పదకొండు రోజులు తేలింది. కొత్తమ్మతల్లి జాతర, దసరా, కోతలు, సంక్రాంతి అన్నీ అయ్యాక, ఫిబ్రవరిలో.

మూలపేటలో ఇప్పుడు పోర్టు కడుతున్నారు, కోటబొమ్మాళి నుంచి అరగంట దూరం. సరుకుల కోసమే అంటున్నారు. ఎప్పటికైనా అక్కడి నుంచి ఒక ప్రయాణికుల ఓడ అండమాన్‌కి కదిలితే చూడాలని నాకుంది.

ఓడా, విమానమా అని ఇంట్లో ఇంకా తేలక ముందు ఒక రాత్రి పిన్ని మళ్లీ ఫోను చేసింది. ఏం తెమ్మంటావని అమ్మ అడిగింది. పలాస జీడిపప్పు అంటుందని, చింతపండు అంటుందని అనుకున్నాం. "నౌపడ ఉప్పు తెత్తారేటి అప్పా?" అంది. ఇక్కడ ఉప్పు దొరకదా అని అమ్మ. "దొరుకుద్ది. పేకట్ది. ఆవకాయకి అది పన్చెయ్యదు. నలబయ్యేళ్లై అడగాలనుకుంతన్నాను, ఎవులొచ్చినా ఉప్పేటని నవ్వుతారని అడగలేదు." చుట్టూ సముద్రమే ఉన్నావిడ, మా ఊరి పక్క మడుల్లో ఎండిన ఉప్పు అడిగింది. అమ్మ నవ్వలేదు. ఎంత కావాలి అని మాత్రం అడిగింది.

మర్నాడు నేను టెక్కలి వెళ్లొచ్చేసరికి వరండాలో పది కేజీల కల్లుప్పు, గోనెసంచీలో, మూతి కట్టి ఉంది. విమానంలో మనిషికి ఇంత బరువనే లెక్కుంటుందని, ఉప్పుకే సగం పోతుందని చెప్పాను. అమ్మ సంచీ మీద చెయ్యేసి, "అయితే ఓడ మీదే ఎల్దాం" అంది.